వెల్డింగ్ శిక్షకుల సామర్థ్యాభివృద్ధి: సంతకం ఎవరిదన్న ప్రశ్న చుట్టూ ఒక కేస్ స్టడీ

ప్రభుత్వ వృత్తి శిక్షణ కేంద్రాల్లో వెల్డింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ల కోసం ఒక దాత సంస్థ నిధులతో నడిచిన సామర్థ్యాభివృద్ధి ప్రాజెక్టులో శిక్షణ రూపకల్పన బాధ్యత నాది. మూడేళ్ల ఆ పనిలో ఏం జరిగిందో, ఏ నిర్ణయం ఎవరి చేతుల్లో ఉండిపోయిందో ఇక్కడ రాస్తున్నాను. దేశం, శాఖ, సంస్థల పేర్లు కావాలనే వదిలేశాను. ఇందులో ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పని చేయలేదు. పేర్లు చెబితే చర్చ మనుషుల మీదికి మళ్లిపోతుంది. ఇన్‌స్ట్రక్టర్‌కు పని రాకపోవడాన్నీ, వచ్చిన పని చేసే వీలు లేకపోవడాన్నీ మేము మొదటి నెలలోనే ఒకే గాటన కట్టాం. ఆ తర్వాత మూడేళ్లలో జరిగిన రాజకీయమంతా అక్కడి నుంచే మొదలైంది. రాజకీయం అంటే ఇక్కడ పార్టీల సంగతి కాదు. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు ఖర్చు పెడతారు, పని చెడిపోతే ఎవరు సంజాయిషీ చెప్పుకోవాలి అన్న మూడు ప్రశ్నలనే ఆ మాటతో సూచిస్తున్నాను.

అవసరాల ఫారం

ప్రాజెక్టు మొదలైన వెంటనే శిక్షణ అవసరాల అంచనా చేపట్టాం. ఫారం నేనే తయారు చేశాను. ఒక వైపు నైపుణ్యాల జాబితా ఉండేది: జాయింట్ సిద్ధం చేయడం, నిలువు వెల్డింగ్, పైపు మీద రూట్ రన్ (అతుకు అడుగున పడే మొదటి వరస) వేయడం, లోపాలను గుర్తించడం, పాఠ ప్రణాళిక రాయడం, అభ్యాసకుణ్ణి మూల్యాంకనం చేయడం వంటివి. ప్రతిదానికీ ఎదురుగా మూడు గళ్లు ఉండేవి: బాగా వచ్చు, కొంత వచ్చు, రాదు. ఇన్‌స్ట్రక్టర్లు నిజాయితీగానే నింపారు. చాలామంది పైపు వెల్డింగ్ దగ్గర, మూల్యాంకనం దగ్గర ‘కొంత వచ్చు’ అని గుర్తు పెట్టారు. ఒకాయన మాత్రం నిలువు వెల్డింగ్ వరుసలో మూడు గళ్లనూ ఖాళీగా వదిలేసి, కాగితం అంచున చిన్న అక్షరాలతో ‘రాడ్లు ఇస్తే చేసి చూపిస్తాను’ అని రాశారు.

ఆ ఫారాలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ వాక్యాన్ని ఎక్కడ పెట్టాలని నన్ను అడిగారు. ‘ఇతరాలు’ అనే గడిలో పెట్టమన్నాను. నివేదికలో ఇతరాలు రాలేదు. ఇన్‌స్ట్రక్టర్లలో ఆచరణాత్మక నైపుణ్యాలు తక్కువగా ఉన్నాయని, వారికి రెండు వారాల ఆవాస శిక్షణ అవసరమని మాత్రం వచ్చింది. ఆ ముగింపు అబద్ధం కాదు, ఎందుకంటే ఏళ్ల తరబడి రాడ్డు పట్టుకోని చెయ్యి నిజంగానే నెమ్మదిస్తుంది. అయితే చెయ్యి ఎందుకు నెమ్మదించిందో అడిగే గడి ఆ ఫారంలో లేదు. లోపం ఎవరి దగ్గర ఉందో చూడాలని బయల్దేరినవారు అతి తక్కువ అధికారం ఉన్న మనిషి దగ్గరే వెతికితే, లోపం అక్కడే దొరుకుతుంది.

ఆ నివేదికను అందరూ ఆమోదించారు. ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇస్తే మంత్రిత్వ శాఖ తన అధికారాల్లో దేన్నీ వదులుకోనక్కర్లేదు. దాత సంస్థకు ఏడాది చివర్లో లెక్క చూపించుకోవడానికి శిక్షణ పొందినవారి సంఖ్య ఒకటి దొరుకుతుంది. నాలాంటి కన్సల్టెంట్లకు చేతనైనది శిక్షణే కాబట్టి, శిక్షణ అవసరమని తేలడం మాకు సహజంగానే తోచింది. కేంద్రాల్లో చదివి బయటికొచ్చినవారికి పని రాదని పరిశ్రమలు ఏనాటి నుంచో చెబుతున్న మాటకు ఇప్పుడు కాగితం మీద ఆధారం దొరికింది. చివరికి ఇన్‌స్ట్రక్టర్లు కూడా అభ్యంతరం చెప్పలేదు. ఊరు విడిచి రెండు వారాలు వెళ్లడం, భత్యం, సర్టిఫికెట్ వారికీ అవసరమే. ఏ ఒక్కరూ నష్టపోని నిర్ధారణను ప్రశ్నించేవారు ఆ గదిలో లేకపోయారు. నష్టపోయే అభ్యాసకులను ఆ సమావేశానికి పిలవలేదు.

ప్రమాణాల బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు

శిక్షణకు ముందు వెల్డర్ వృత్తి ప్రమాణాన్ని తిరగరాయాలని నిర్ణయించారు. ఇందుకు 1960ల చివర్లో కెనడాలో రూపుదిద్దుకున్న డేకం పద్ధతిని ఎంచుకున్నాం. ఆ పద్ధతి ఆయువుపట్టు ఒక్క సూత్రంలో ఉంది: పనిని బాగా వర్ణించగలిగేది ఆ పనిని రోజూ చేసే నిపుణుడైన పనివాడే. అందుకే పది మంది వరకూ పనివాళ్లను రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి, వాళ్ల పనిలోని బాధ్యతలను, పనులను వాళ్ల మాటల్లోనే గోడ మీద అంటిస్తారు. మేనేజర్లు, అధ్యాపకులు వింటారు గాని, పలకరు.

మా గదిలోకి వచ్చినవారిలో ఎక్కువమంది పెద్ద కంపెనీల మానవ వనరుల విభాగాల నుంచి వచ్చారు. పరిశ్రమల సంఘానికి ఆహ్వానం పంపాం, సంఘం తన సభ్యులకు పంపింది, సభ్యులు తమ అధికారులను పంపారు. మా కేంద్రాల్లో చదివినవారిలో ఎక్కువమంది చేరేది గేట్లు, గ్రిల్లులు, ట్యాంకులు, ట్రాలీలు చేసే చిన్న ఫాబ్రికేషన్ షెడ్లలో. ఆ షెడ్ల యజమానులు ఏ సంఘంలోనూ సభ్యులు కారు. అక్కడ పని చేసే వెల్డర్లకు రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చి కూర్చునే స్తోమత లేదు, ఆ కూలి చెల్లించడానికి ప్రాజెక్టు బడ్జెట్‌లో పద్దు లేదు. అదే బడ్జెట్‌లో విదేశీ నిపుణుడి ప్రయాణానికి పద్దు ఉంది.

అలా తయారైన ప్రమాణంలో రోబో వెల్డింగ్ సెల్‌ను పర్యవేక్షించడం చేరింది. తుప్పు పట్టి పలచబడిన రేకును చిల్లు పడకుండా అతకడం, మిగిలిన ముక్కలతో పని సర్దుకోవడం, పనికి ఎంత ఇనుము, ఎన్ని రాడ్లు పడతాయో అంచనా కట్టి ఖాతాదారుకు చెప్పడం వంటివి చేరలేదు. చిన్న షెడ్డులో ఈ అంచనా తప్పితే ఆ నష్టం కుర్రవాడి కూలిలోంచే పోతుంది. దాన్ని నైపుణ్యంగా గుర్తించేవారు ఆ బల్ల చుట్టూ లేరు.

ప్రమాణాలు యాజమాన్యాల నుంచే రావాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో 1986లో జాతీయ వృత్తి అర్హతల మండలి ఏర్పడినప్పుడు, ఒక పని చేయగలగడం అంటే ఏమిటో పరిశ్రమే నిర్వచించాలన్నది దాని పునాది. ఆ నమూనా తర్వాతి దశాబ్దంలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో రకరకాల రూపాల్లో వేళ్లూనుకుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం ‘పరిశ్రమ’ అనే మాటకు ఎవరు ప్రతినిధులన్నది తేలేదాకా ఆ సూత్రానికి అర్థం ఉండదు. దక్షిణాఫ్రికాలో 2000లో ఏర్పడిన రంగాలవారీ శిక్షణ సంస్థల పాలకమండళ్లలో యాజమాన్యాలతో పాటు కార్మిక సంఘాలకూ స్థానం కల్పించారు, జీతాల మొత్తంపై విధించే 1 శాతం లెవీని వాటికి ఆర్థిక ఆధారంగా చేశారు. బ్రెజిల్‌లో 1942 నుంచి నడుస్తున్న సెనాయ్ శిక్షణ వ్యవస్థను పరిశ్రమల సమాఖ్యే నిర్వహిస్తుంది, దానికి కూడా జీతాల మీద లెవీయే మూలాధారం. ఈ రెండు ఏర్పాట్లలోనూ లోపాలున్నాయి, వాటి మీద విమర్శలూ ఉన్నాయి. కాని రెండింటిలోనూ మాట చెల్లేవారి జేబులోంచి డబ్బు కూడా కదులుతుంది. మా ప్రాజెక్టులో ఏర్పడిన రంగ మండలికి ప్రమాణాలు ఆమోదించే అధికారం వచ్చింది, సర్టిఫికెట్ మీద తన ముద్ర ఉండాలన్న పట్టుదల వచ్చింది, ఖర్చులో వాటా మాత్రం రాలేదు. సర్టిఫికెట్ కింది భాగంలో కేంద్రాలకు పైన ఉండే డైరెక్టరేట్ సంతకం ఎడమ వైపు ఉండాలా, మండలి సంతకం ఎడమ వైపు ఉండాలా అన్నదానిపై నాలుగు సమావేశాలు జరిగాయి. రేకు పని గురించి ఒక్క సమావేశమూ జరగలేదు. ఆ నాలుగింటిలోనూ నేనున్నాను, ఒక్కదానిలోనూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తవలసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

రెండు వారాల శిక్షణ

శిక్షణ బాగానే జరిగింది. వచ్చినవారు నామినేషన్ మీద వచ్చారు, నామినేషన్ సీనియారిటీ మీద జరిగింది. అందువల్ల రెండేళ్లలో పదవీ విరమణ చేయబోయేవారు ముందు వచ్చారు, వర్క్‌షాప్‌లో రోజంతా నిలబడే కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టర్లు అసలు రాలేదు. కాంట్రాక్టు వారికి శిక్షణ ఇస్తే రెగ్యులర్ చేయమని అడుగుతారని ఒక అధికారి స్పష్టంగానే చెప్పారు. శిక్షణ అంటే ఒక హక్కుకు ముందస్తు మెట్టు అని ఆయనకు తెలుసు, ఇన్‌స్ట్రక్టర్లకూ తెలుసు. దాన్ని బోధనా విషయంగా మాత్రమే చూసినది మేమే.

శిక్షకుడి సామర్థ్యం బేరసారాల్లోకి వచ్చే సంగతి పేద దేశాలకే పరిమితం కాదు. జర్మనీలో కంపెనీల్లో అప్రెంటిస్‌లకు నేర్పేవారు తమ బోధనా యోగ్యతను పరీక్ష ద్వారా రుజువు చేసుకోవాలన్న నిబంధనను 2003 ఆగస్టు నుంచి ఆరేళ్ల పాటు పక్కన పెట్టారు. అప్రెంటిస్ అవకాశాలు తగ్గుతున్నాయని, నిబంధన సడలిస్తే మరిన్ని కంపెనీలు ముందుకొస్తాయని ఆశించారు. 2009 ఆగస్టులో దాన్ని తిరిగి అమల్లోకి తెచ్చారు. శిక్షకుడికి ఏం రావాలన్నది అక్కడ కూడా కంపెనీల మీద ఎంత భారం పెట్టవచ్చన్న లెక్కతో ముడిపడే నిర్ణయమైంది.

శిక్షణ ఫలితాలను కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లను ప్రాజెక్టు పత్రంలో రాసుకున్నాం: అభ్యాసకుల స్పందన, నేర్చుకున్నది, పనిలో వచ్చిన మార్పు, సంస్థకు కలిగిన ఫలితం. చివరి రోజున పంచిన అభిప్రాయ పత్రాలతో మొదటి మెట్టు, వెల్డ్ చేసిన ముక్కను వంచి చూసే బెండ్ టెస్ట్‌తో రెండో మెట్టు ఎక్కాం. మూడో మెట్టుకు ఆరు నెలల తర్వాత కేంద్రాలకు వెళ్లాలి. దానికి బడ్జెట్ పెట్టించడానికి నేను కొంత పోరాడవలసి వచ్చింది, ఎందుకంటే శిక్షణ పొందినవారి సంఖ్య అప్పటికే నమోదైపోయింది, నివేదికకు అది చాలు.

ఆరు నెలల తర్వాత

నేను వెళ్లిన రెండో కేంద్రంలో, శిక్షణలో అందరికంటే చక్కగా నిలువు వెల్డింగ్ చేసిన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. ఆయన చేసిన ముక్కను శిక్షణ కేంద్రంలో ప్రెస్ కింద పెట్టి వంచినప్పుడు అది గుర్రపు నాడాలా వంగింది, రూట్ దగ్గర వెంట్రుకంత పగులు కూడా రాలేదు. తోటివాళ్లు ఆ ముక్కను చేతులు మార్చుకుంటూ చూశారు. ఇప్పుడు ఆయన వర్క్‌షాప్‌లో బల్ల మీద సుద్దతో నిలువు వెల్డింగ్ బొమ్మ గీసి చెబుతున్నారు. అభ్యాసకులు రాడ్డు లేని హోల్డర్ పట్టుకుని, చెయ్యి కింది నుంచి పైకి ఎలా కదలాలో గాలిలో సాధన చేస్తున్నారు. బూత్‌లు చల్లగా ఉన్నాయి. పక్కన ప్రాజెక్టు ఇచ్చిన వెల్డింగ్ సిమ్యులేటర్ గుడ్డ కప్పి ఉంది. దాని సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ను ఏటా పునరుద్ధరించాలి, మొదటి ఏడాది రుసుము మాత్రమే ప్రాజెక్టు కట్టింది.

రాడ్లు లేవా అని అడిగాను. స్టోర్‌కు తీసుకెళ్లారు. డబ్బాలు ఉన్నాయి. రాడ్ల ఇండెంట్, అంటే సరుకు కావాలని కోరే పత్రం, ఏడాదికి ఒకసారి డైరెక్టరేట్‌కు వెళ్తుంది, అన్ని కేంద్రాలకూ కలిపి ఒకే టెండర్ అవుతుంది, సరుకు విద్యా సంవత్సరం సగం గడిచాక వస్తుంది. వచ్చినవి తక్కువ హైడ్రోజన్ రకం రాడ్లు. వాటిని పొడిగా, వేడి ఓవెన్‌లో ఉంచాలి. తేమ పీలిస్తే వెల్డ్‌లో బుడగలు పడతాయి, గట్టి ఉక్కు అయితే పగుళ్లు కూడా వస్తాయి. అట్ట డబ్బాలు చెమ్మ పట్టి మెత్తబడ్డాయి. ఆయన ఒక రాడ్డు తీసి పూతను గోటితో గీకితే పొడి పొడిగా రాలింది. ఓవెన్ కావాలని రెండుసార్లు రాశారట. కొనడానికి ప్రిన్సిపాల్‌కు అధికారం లేదు. పాడైన రాడ్లను తీసేయాలన్నా అధికారం లేదు. వాటిని పనికిరానివిగా ప్రకటించడానికి ఒక కమిటీ రావాలి, అప్పటివరకూ అవి స్టాకు పుస్తకంలో సరుకుగానే ఉంటాయి, సరుకు ఉన్నంతకాలం కొత్త ఇండెంట్‌కు అనుమతి రాదు.

వెల్డర్ల అర్హతకు సంబంధించిన ఐఎస్ఓ 9606 ప్రమాణం ప్రకారం, సర్టిఫికెట్ ఉన్న వెల్డర్ ఆ పరిధిలో వెల్డింగ్ చేస్తూనే ఉన్నాడని ఆరు నెలలకొకసారి బాధ్యత గల వ్యక్తి ధ్రువీకరించాలి, లేకపోతే అర్హత చెల్లదు. ఈ వృత్తి తన సామర్థ్యాన్ని ఎంత వాస్తవికంగా అర్థం చేసుకుందో ఆ ఒక్క నియమంలో కనిపిస్తుంది. మేము ఇన్‌స్ట్రక్టర్లకిచ్చిన సర్టిఫికెట్‌కు గడువు లేదు. ఆ రోజు ఆయన్ను పరీక్షించి ఉంటే మళ్లీ ‘కొంత వచ్చు’ అనే గడిలోనే పడేవారు, మేము మళ్లీ రెండు వారాల శిక్షణ సిఫారసు చేసేవాళ్లం. మొదటి ఫారం అంచున రాసిన వాక్యం ఆయనదేనని అప్పుడే తెలిసింది.

ప్రాజెక్టు విభాగం

కేంద్రానికి, డైరెక్టరేట్‌కు మధ్య ఈ ముడి విప్పగలిగిన అధికారులు కొందరున్నారు. కొనుగోళ్ల నియమాలు కూలంకషంగా తెలిసిన ఒకావిడ, పాఠ్యప్రణాళిక విభాగంలో చురుకైన ఇద్దరు. ముగ్గురూ మొదటి ఏడాదే డిప్యుటేషన్ మీద ప్రాజెక్టు అమలు విభాగానికి వచ్చేశారు. అక్కడ జీతం ఎక్కువ, వాహనం ఉంది, ఫైలు త్వరగా కదులుతుంది. ఇలా ప్రభుత్వ శాఖకు సమాంతరంగా ఏర్పడే విభాగాల వల్ల శాఖలే బలహీనపడుతున్నాయని దాతలూ ప్రభుత్వాలూ కలిసి 2005 పారిస్ డిక్లరేషన్‌లోనే అంగీకరించాయి. అలాంటి విభాగాల సంఖ్యను 2010 నాటికి మూడింట రెండు వంతులు తగ్గించాలని లక్ష్యం కూడా పెట్టుకున్నాయి. మా ప్రాజెక్టు ఆ తర్వాతిదే. గడువులోగా నిధులు ఖర్చు కావాలన్న ఒత్తిడి ఉన్నచోట, శాఖ నెమ్మదితనాన్ని భరించే ఓపిక ఎవరికీ ఉండదు. ప్రాజెక్టు ముగిశాక ఆ ముగ్గురిలో ఒక్కరే శాఖకు తిరిగి వెళ్లారు. మిగిలిన ఇద్దరూ మరో దాత ప్రాజెక్టులో చేరారు. సామర్థ్యం పెంచడానికి వచ్చిన మేము శాఖలో అప్పటికే ఉన్న సామర్థ్యాన్ని ఇలా బయటికి తీసుకుపోయాం.

ఖర్చు చేసే అధికారం

చివరి ఏడాదిలో శిక్షణ పద్దులో మిగిలిన డబ్బును మరో విడత శిక్షణకు వాడకుండా, మూడు కేంద్రాల్లో ప్రిన్సిపాళ్లకు ముడి సరుకుల కోసం ఒక పరిమితి లోపు ఖర్చు చేసే అధికారం ఇప్పించాలని ప్రతిపాదించాం. ప్రిన్సిపాల్ సంతకంతో పాటు వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం కూడా తప్పనిసరి చేశాం. కొనుగోళ్ల విభాగం గట్టిగా వ్యతిరేకించింది. విడివిడిగా కొంటే ధర పెరుగుతుందన్నారు, అది నిజమే. ఆడిట్‌లో అభ్యంతరం వస్తే జవాబు చెప్పుకోవలసింది తామేనన్నారు, అదీ నిజమే. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేదు. కింది స్థాయికి అధికారం ఇచ్చి, సంజాయిషీ మాత్రం పై స్థాయిలోనే ఉంచితే ఏ అధికారీ ఒప్పుకోడు. కొనుగోళ్ల నియమాలు తెలిసిన ఆ అధికారిణే దారి చూపించారు: ఆ పరిమితి లోపు ఖర్చుకు ఆడిట్ జవాబుదారీ కూడా కేంద్రానిదేనని అదే ఉత్తర్వులో రాయాలి. ఆ ఒక్క వాక్యం చేరాక ఫైలు మూడు వారాల్లో తిరిగి వచ్చింది.

ఆ మూడు కేంద్రాల్లో నెల తిరగకముందే బూత్‌లు వెలిగాయి. ఇన్‌స్ట్రక్టర్లు తమకు ఏ సైజు రాడ్లు ఎన్ని కావాలో స్వయంగా రాయడం మొదలుపెట్టాక, ఏ అభ్యాసకుడు ఎన్ని రాడ్లు కాల్చాడో కూడా రాసుకోవడం మొదలుపెట్టారు. మేము శిక్షణలో నేర్పిన మూల్యాంకన పట్టికను ఎవరూ వాడలేదు గాని, ఈ పుస్తకం దానికంటే బాగా పని చేసింది. ఒక కేంద్రంలో బిల్లుకు, స్టాకుకు పొంతన కుదరలేదు. విచారణలో తేడా చిన్నదేనని తేలింది. అయినా ఆ కేంద్రంలో అధికారం వెనక్కి తీసుకున్నారు, మిగతా కేంద్రాలకు విస్తరించే ఆలోచన అక్కడితో ఆగిపోయింది. డైరెక్టరేట్‌లో ఏళ్లుగా చెమ్మ పట్టి పోయిన రాడ్ల విలువపై మాత్రం ఏ విచారణా జరగలేదు. నియమాల ప్రకారం పాడైన సరుకుకు ఎవరూ బాధ్యులు కారు. నియమం దాటి కొన్న సరుకుకే బాధ్యులుంటారు. ఈ తేడాను మార్చాలని తుది నివేదికలో రాశాను. తుది ప్రతిలో ఆ పేరా అనుబంధంలోకి వెళ్లింది.

ప్రాజెక్టుతో పాటే ఆ ఉత్తర్వు కూడా ముగిసింది. మిగిలిన రెండు కేంద్రాల్లో ఒకచోట పాత పద్ధతి తిరిగి వచ్చింది. రెండోది ఫారం అంచున రాసిన ఆ ఇన్‌స్ట్రక్టర్ పని చేసే కేంద్రం. ఉత్తర్వు ముగియకముందే ఆ ప్రిన్సిపాల్ ఈ ఏర్పాటును కేంద్ర పాలకమండలి తీర్మానంగా మార్పించుకున్నారు. వర్క్‌షాప్‌కు బయటి నుంచి వచ్చే చిన్న పనుల ఆదాయంలోంచి రాడ్ల ఖర్చు తీయవచ్చని పాత నియమావళిలోనే ఒక క్లాజు ఉందని ఆయనకు తెలుసు. మేము ఆ నియమావళిని చదవనే లేదు. గేట్లు, ట్రాలీలు బాగుచేయించుకోవడానికి చుట్టుపక్కలవారు రావడంతో, ప్రమాణంలో చేరని రేకు పని కూడా ఆ వర్క్‌షాప్‌లోకి వచ్చింది.

కిందటి సారి వెళ్లినప్పుడు ఇన్‌స్ట్రక్టర్ నాకు ఓవెన్ చూపించారు. కొన్నది కాదు, పాత ఇనుప బీరువాలో హీటర్ కాయిల్, థర్మోస్టాట్ బిగించి అభ్యాసకులే చేశారు. తలుపు మీద సుద్దతో ఆ వారం ఓవెన్ బాధ్యత ఎవరిదో పేరు రాసి ఉంది. ఆ పేరు గల అమ్మాయి వచ్చి, ఉష్ణోగ్రత చూసి, నాలుగు రాడ్లు తీసుకుని పుస్తకంలో సంతకం చేసి తన బూత్‌కు వెళ్లింది.